సమ్మతికి బదులు ఒడంబడిక: మూడవ అధికరణం – తెలుగు రాష్ట్రాల అనుభవం

ప్రవేశిక

భారత రాజ్యాంగం మొదటి అధికరణం ఈ దేశాన్ని రాష్ట్రాల యూనియన్‌గా పేర్కొంది. దేశాన్ని సమాఖ్యగా వర్ణించే వాక్యం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అయినా శాసనాధికారాల విభజన, రెండు స్థాయుల ప్రభుత్వాలు, లిఖిత రాజ్యాంగం, స్వతంత్ర న్యాయవ్యవస్థ వంటి సమాఖ్య లక్షణాలు ఇందులో ఉన్నాయి. వీటితోపాటు మంత్రిమండలి దిగువ సభకు సమష్టిగా బాధ్యత వహించే పార్లమెంటరీ పద్ధతి కేంద్రంలోనూ రాష్ట్రాల్లోనూ అమలులో ఉంది. పార్లమెంటరీ పద్ధతికి ప్రాణం మెజారిటీ. సమాఖ్యకు ప్రాణం ఆ మెజారిటీకి గీసిన హద్దు. ఈ రెండూ నేరుగా ఎదురుపడే చోటు రాజ్యాంగంలోని మూడవ అధికరణం. రాష్ట్రాన్ని విభజించడానికి, రాష్ట్రాలను కలపడానికి, హద్దులను, పేర్లను మార్చడానికి అది పార్లమెంటుకు అధికారమిచ్చింది. సంబంధిత శాసనసభ అభిప్రాయం తెలుసుకోవాలని చెప్పింది కాని సమ్మతి పొందాలని చెప్పలేదు.

1953లో ఆంధ్రరాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ ఈ అధికరణం కిందనే ఏర్పడ్డాయి. ఈ మూడు సందర్భాల చుట్టూ శ్రీబాగ్ ఒడంబడిక, పెద్దమనుషుల ఒప్పందం, ఆరుసూత్రాల పథకం వంటి పత్రాలు పుట్టాయి. సమ్మతికి రాజ్యాంగం చోటివ్వని సందర్భంలో ఆ ఖాళీని తెలుగు ప్రాంతాలు ఒడంబడికలతో పూరించుకున్నాయని, ఆ ఒడంబడికల్లో ఏ భాగం ఏ స్థాయి శాసనంలోకి ఎక్కిందో దాన్ని బట్టే దాని ఆయుర్దాయం నిర్ణయమైందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘రాష్ట్రం’ అనే మాట

సంస్థల చరిత్రకు ముందు మాట చరిత్రను కొంత గమనించాలి. హిందీలో ‘రాష్ట్ర’ అంటే జాతి, దేశం. రాజ్యాంగం చెప్పే ‘స్టేట్’కు అక్కడ వాడే మాట ‘రాజ్య’. తెలుగులో ఈ సంబంధం తలకిందులైంది. మనకు రాష్ట్రం దేశంలో ఒక భాగం. రాజ్యం మొత్తం పాలనావ్యవస్థ. తెలుగు వాడుకకు ప్రాచీనమైన ఆధారం ఉంది. పల్లవుల, తూర్పు చాళుక్యుల నాటి శాసనాల్లో కనిపించే కర్మరాష్ట్రం, ముండరాష్ట్రం మొదలైన పేర్లు రాజ్యంలోని ప్రాదేశిక విభాగాలనే సూచిస్తాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఆంధ్రోద్యమం ‘ఆంధ్రరాష్ట్రం’ అన్నప్పుడు కోరింది వేరే దేశాన్ని కాదు, దేశంలో తమదైన విభాగాన్ని.

ఈ అర్థభేదం వల్ల రెండు పదాలు తెలుగులో విచిత్రంగా నిలిచాయి. మొత్తం దేశాధినేతను మనం ‘రాష్ట్రపతి’ అంటాం. రాష్ట్రానికి అధిపతి మాత్రం గవర్నరు. రెండవ పదం మరింత ముఖ్యమైనది. పార్లమెంటు ఎగువ సభకు 1954లో ‘రాజ్యసభ’ అనే పేరు స్థిరపడింది. హిందీ పాఠకునికి ఆ పేరులోనే అది రాష్ట్రాల సభ అని తెలుస్తుంది. తెలుగు పాఠకునికి అది రాజ్యానికి చెందిన సభగా వినిపిస్తుంది. రాష్ట్రాల ప్రాతినిధ్యం కోసం ఏర్పడిన సభ పేరులో తెలుగువారికి రాష్ట్రం కనిపించదు. ఆ సభ పనితీరులో రాష్ట్రం ఎంతవరకు కనిపిస్తుందన్నది ఈ వ్యాసం చివరలో వచ్చే ప్రశ్న.

పునాదులు: 1861 నుంచి 1935 వరకు

స్వతంత్ర రాష్ట్రాలు కలిసి ఒప్పుకొని ఏర్పరచుకున్న సమాఖ్య అమెరికాది. భారతదేశంలో క్రమం వేరు. 1833 చార్టర్ చట్టం శాసనాధికారాన్ని గవర్నర్ జనరల్ కౌన్సిల్‌లో కేంద్రీకరించింది. 1861 కౌన్సిళ్ళ చట్టం మద్రాసు, బొంబాయి ప్రభుత్వాలకు ఆ అధికారాన్ని కొంత తిరిగి ఇచ్చింది. 1919 చట్టం రాష్ట్రాల్లో ద్వంద్వపాలన ప్రవేశపెట్టి కొన్ని శాఖలను శాసనమండలికి జవాబుదారీగా ఉండే మంత్రులకు అప్పగించింది. మద్రాసులో 1920 ఎన్నికల తరువాత జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఏర్పడింది. 1921 నుంచి 1926 వరకు పానగల్ రాజా దానికి నాయకత్వం వహించాడు. 1935 చట్టం ఫెడరల్ జాబితాలో 59, రాష్ట్ర జాబితాలో 54, ఉమ్మడి జాబితాలో 36 అంశాలు చేర్చి అధికారాలను పంచింది. 1937 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్ర స్వపరిపాలన అమలైంది. సంస్థానాధీశులు చేరకపోవడం వల్ల ఆ చట్టం ఊహించిన ఫెడరేషన్ మాత్రం ఏర్పడలేదు.

ఇక్కడ ప్రభుత్వాధికారం పైనుంచి కిందికి పంపిణీ అయింది. రాష్ట్రాలు పాలనా సౌకర్యం కోసం గీసిన విభాగాలు. వాటిని మార్చే అధికారం కూడా పైవారిదే. 1935 చట్టం 290వ సెక్షను కొత్త రాష్ట్రాల ఏర్పాటును బ్రిటిష్ ప్రభుత్వానికి వదిలి, సంబంధిత రాష్ట్ర ప్రభుత్వ, శాసనసభల అభిప్రాయం తెలుసుకోవాలని మాత్రం చెప్పింది. మూడవ అధికరణంలోని ‘అభిప్రాయం’ అక్కడినుంచి వచ్చినదే. వలసపాలన మాట గణతంత్ర రాజ్యాంగంలోకి ఎలా చేరిందో రాజ్యాంగసభ చర్చలు తెలుపుతాయి.

రాజ్యాంగసభ: సమ్మతి నుంచి అభిప్రాయానికి

1947 జనవరి 22న రాజ్యాంగసభ ఆమోదించిన లక్ష్యాల తీర్మానం స్వయంప్రతిపత్తి గల భాగాలను, అవశేషాధికారాలు వాటికే ఉండడాన్ని ఊహించింది. జూన్ 3 నాటి దేశవిభజన ప్రకటన తరువాత ఈ దృష్టి మారింది. బలమైన కేంద్రం గల సమాఖ్యే తగినదని యూనియన్ అధికారాల కమిటీ తన రెండవ నివేదికలో చెప్పింది. గవర్నరును వయోజన ఓటింగుతో ఎన్నుకోవాలని 1947లో తీసుకున్న నిర్ణయం కూడా 1949లో నియామక పద్ధతికి మారింది.

1948 ఫిబ్రవరి నాటి ముసాయిదాలో మూడవ అధికరణం నేటి రూపంలో లేదు. బిల్లు ప్రవేశపెట్టడానికి అందులో రెండు ప్రత్యామ్నాయ షరతులు ఉన్నాయి. విడిపోదలచిన ప్రాంతానికి చెందిన శాసనసభ్యుల్లో మెజారిటీ రాష్ట్రపతికి విజ్ఞప్తి చేయాలి. లేదా సంబంధిత శాసనసభ తీర్మానం చేయాలి. ఆపైన పూర్వపు బ్రిటిష్ రాష్ట్రాల విషయంలో శాసనసభ అభిప్రాయం తెలుసుకుంటే చాలు. సంస్థానాల విషయంలో ముందస్తు సమ్మతి అవసరం. అంటే సమ్మతి అనే భావన ముసాయిదాకు పరాయిది కాదు. అది సంస్థానాలకు మాత్రమే పరిమితమైంది.

1948 నవంబరులో ఈ అధికరణం చర్చకు వచ్చినప్పుడు ప్రొఫెసర్ కె.టి. షా ఒక సవరణ ప్రతిపాదించాడు. హద్దుల మార్పు ప్రతిపాదన సంబంధిత రాష్ట్ర శాసనసభలోనే పుట్టాలన్నది దాని సారాంశం. సమాఖ్య దృష్టితో చూస్తే ఇది సహజమైన కోరిక. దానికి కె. సంతానం చెప్పిన సమాధానం తెలుగు చరిత్రకారులు ప్రత్యేకంగా గమనించవలసినది. ఆయన తీసుకున్న ఉదాహరణ ఆంధ్రులదే. మద్రాసు శాసనసభలో ఆంధ్రులు విడిపోతామని తీర్మానం పెడితే మెజారిటీ దాన్ని ఓడిస్తుంది, అంతటితో ఆంధ్రుల దారి శాశ్వతంగా మూసుకుపోతుంది అన్నది ఆయన వాదం. షా సవరణ వీగిపోయింది. ముసాయిదాలోని ప్రాంతీయ సభ్యుల విజ్ఞప్తి షరతు కూడా తొలగింది. సంస్థానాల విలీనం పూర్తయ్యాక వాటి సమ్మతి షరతు సైతం తుది పాఠంలో మిగలలేదు. రాష్ట్రపతి సిఫారసు, శాసనసభ అభిప్రాయం – ఈ రెండే నిలిచాయి. ఇటువంటి చట్టం రాజ్యాంగ సవరణగా పరిగణన పొందదని నాలుగవ అధికరణం చెప్పడం వల్ల సాధారణ మెజారిటీయే సరిపోతుంది.

ఇతర సమాఖ్యలతో పోలిస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. అమెరికా రాజ్యాంగం నాలుగవ అధికరణం సంబంధిత రాష్ట్ర శాసనసభల సమ్మతి కోరుతుంది. పార్లమెంటరీ పద్ధతిని సమాఖ్యతో కలిపిన కెనడాలో 1871 చట్టం ప్రావిన్సు శాసనసభ సమ్మతిని షరతు చేసింది. ఆస్ట్రేలియాలో హద్దుల మార్పుకు రాష్ట్ర పార్లమెంటు సమ్మతితోపాటు ఆ రాష్ట్ర ఓటర్ల ఆమోదం కూడా కావాలి. అక్కడ ఉన్న హద్దులకు రక్షణ ఎక్కువ. ఆ హద్దుల లోపల అల్పసంఖ్యలో ఉన్న ప్రాంతానికి దారి తక్కువ. భారత రాజ్యాంగ నిర్మాతలు రెండవదాన్ని ఎంచుకున్నారు. ఆ ఎంపికకు సభలో పలికిన ఉదాహరణ తెలుగువారిది.

ఈ షరతు తరువాత మరింత పలుచబడింది. 1955లో అయిదవ సవరణ శాసనసభ తన అభిప్రాయం చెప్పడానికి రాష్ట్రపతి గడువు విధించే వీలు కల్పించింది. బాబూలాల్ పరాటే కేసులో 1959లో తీర్పు చెబుతూ, ఒకసారి అభిప్రాయం తీసుకున్నాక పార్లమెంటు బిల్లును గణనీయంగా మార్చినా మళ్ళీ శాసనసభకు పంపనవసరం లేదని సుప్రీంకోర్టు నిర్ణయించింది.

ఒడంబడికల పరంపర: 1937, 1956

రాజ్యాంగం సమ్మతిని కోరకపోయినా రాజకీయం దాన్ని తప్పించుకోలేదు. ఆంధ్రరాష్ట్రం కోరినవారికి మొదటి అడ్డంకి మద్రాసు శాసనసభ కాదు. తమలో తమకున్న ప్రాంతీయ శంకలు. కోస్తా జిల్లాల ఆధిక్యం గురించి రాయలసీమ నాయకులకున్న సందేహాలను తీర్చడానికి 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇల్లు శ్రీబాగ్‌లో ఒడంబడిక కుదిరింది. నీటిపారుదలలో రాయలసీమకు, నెల్లూరుకు ప్రాధాన్యం, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని–హైకోర్టు వేర్వేరు ప్రాంతాల్లో ఉండడం అందులోని ముఖ్యాంశాలు.

పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణత్యాగం చేసిన తరువాత ఆంధ్రరాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. కర్నూలు రాజధాని, గుంటూరు హైకోర్టు స్థానమయ్యాయి. ఒడంబడికలో వెంటనే చూపగలిగిన అంశం ఇలా నెరవేరింది. దీర్ఘకాలం అమలు చేయవలసిన నీటి ప్రాధాన్యం అంశానికి అమలుచేసే సంస్థ ఏదీ లేదు. ఈ తేడాయే తరువాతి ఒడంబడికలన్నిటిలోనూ తిరిగి కనిపిస్తుంది.

ఫజల్ అలీ అధ్యక్షతన ఏర్పడిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955 సెప్టెంబరులో ఇచ్చిన నివేదికలో సమ్మతి భావన మరొక రూపంలో తలెత్తింది. తెలంగాణ ప్రాంతం ప్రస్తుతానికి హైదరాబాదు రాష్ట్రంగా విడిగా ఉండాలని, 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తరువాత ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే ఆంధ్రతో కలపవచ్చునని సంఘం సూచించింది. రాజ్యాంగం కోరని ప్రత్యేక మెజారిటీ సమ్మతిని సంఘం కోరడం గమనార్హం. ఆ సూచన అమలు కాలేదు. దాని స్థానంలో 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. సమ్మతికి బదులు ఒడంబడిక అనే సూత్రం ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

ఆ ఒప్పందంలోని అంశాలు మూడు వేర్వేరు స్థాయుల్లో స్థిరపడ్డాయి. మొదటిది ప్రాంతీయ కమిటీ. ఏడవ సవరణ ద్వారా 371వ అధికరణంలో దానికి రాజ్యాంగాధారం లభించింది. రెండవది ఉద్యోగాల్లో స్థానికుల రక్షణ. దానికి 1957లో పార్లమెంటు చేసిన సాధారణ చట్టమే ఆధారం. మూడవ స్థాయిలోనివి మాటగా మిగిలినవి: ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవాడైతే ఉపముఖ్యమంత్రి మరొక ప్రాంతంవాడు కావడం, తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే ఖర్చుచేయడం.

ఫలితాలు కూడా ఈ క్రమంలోనే వచ్చాయి. మాటగా మిగిలినవి మొదట జారిపోయాయి. 1956 నాటి తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేడు. మిగులు నిధుల లెక్క తేల్చడానికి 1969లో కుమార్ లలిత్ కమిటీని, ఆ తరువాత జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిటీని నియమించవలసి వచ్చింది. సాధారణ చట్టం 1969 మార్చి వరకు నిలిచింది. నివాస నిబంధన మొత్తం రాష్ట్రానికి వర్తించవచ్చును గాని రాష్ట్రంలోని ఒక భాగానికి వర్తించదని చెప్పి, తెలంగాణకు సంబంధించినంతవరకు సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. రాజ్యాంగాధారం గల ప్రాంతీయ కమిటీ ఈ మూడింటిలో ఎక్కువ కాలం నిలిచి 1973 వరకు కొనసాగింది.

హామీ రాజ్యాంగంలోకి: 1973

1969లో తెలంగాణ ఉద్యమం, 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్న సుప్రీంకోర్టు తీర్పు తరువాత జై ఆంధ్ర ఉద్యమం చెలరేగాయి. ఉద్దేశాలు పరస్పర విరుద్ధమైనా, ఉమ్మడి శాసనసభ మెజారిటీ తమ ప్రాంతాన్ని రక్షించలేదన్న అపనమ్మకం రెండింటిలోనూ ఉంది. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 21న ఆరుసూత్రాల పథకం ప్రకటితమైంది.

ఈ పథకం ముల్కీ నిబంధనలను, ప్రాంతీయ కమిటీని తొలగించింది. అయితే ముందరి ఒప్పందాలకు లేని బలం దీనికి ఉంది. 32వ సవరణ ద్వారా 371–డి, 371–ఇ అధికరణాలుగా ఇది రాజ్యాంగంలో చేరింది. స్థానిక కేడర్లు, విద్యాసంస్థల్లో స్థానిక అభ్యర్థుల వాటా రాష్ట్రపతి ఉత్తర్వుల ద్వారా అమలయ్యాయి. 371–ఇ ఆధారంగా హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అమలులో ఉల్లంఘనలు జరిగాయన్న ఫిర్యాదులు ఉద్యమసాహిత్యంలో విస్తారంగా ఉన్నాయి. అయినా హక్కు కోరేవాడు చూపించడానికి ఒక అధికరణం, వెళ్ళడానికి ఒక న్యాయస్థానం ఉన్నాయి. 2014 విభజన తరువాత కూడా 371–డి రెండు రాష్ట్రాలకూ వర్తిస్తూ కొనసాగింది. పుట్టిన రాష్ట్రం విడిపోయినా ఆ హామీ మిగలడానికి కారణం అది చేరిన చోటే.

2014: పాత వాదం, కొత్త పాత్రలు

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును 2013 డిసెంబరులో రాష్ట్రపతి శాసనసభ అభిప్రాయానికి పంపాడు. 294 మంది సభ్యుల సభలో తెలంగాణ స్థానాలు 119. తక్కిన 175 కోస్తా, రాయలసీమలవి. 2014 జనవరి 30న బిల్లును తిరస్కరిస్తూ శాసనసభ మూజువాణి ఓటుతో తీర్మానం చేసింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది.

1948లో సంతానం చెప్పిన ఉదాహరణలో పాత్రలు మాత్రమే ఇక్కడ మారాయి. మద్రాసు శాసనసభలో ఆంధ్రులు ఉన్న స్థానంలో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో తెలంగాణ ప్రతినిధులు ఉన్నారు. శాసనసభ సమ్మతి తప్పనిసరి అయివుంటే 119 మంది ఏకగ్రీవంగా కోరినా ప్రయోజనం ఉండేది కాదు. సమ్మతి లేకుండా విభజించడం సమాఖ్యకు విరుద్ధమని వాదించేవారు, అదే సూత్రం 1953లో ఆంధ్రరాష్ట్రాన్ని కూడా మద్రాసు మెజారిటీ చేతిలో పెట్టేదని అంగీకరించాలి. ఇది నాణేనికి ఒక వైపు.

రెండవ వైపు కూడా అంతే నిజం. శాసనసభ తీర్మానాన్ని పక్కన పెట్టగలిగినప్పుడు, దానిలో వ్యక్తమైన న్యాయమైన ఆందోళనలకు సమాధానం ఎక్కడ దొరకాలి? 2014లో ఆ సమాధానాలు మళ్ళీ వేర్వేరు స్థాయుల్లో వచ్చాయి. పదేళ్ళ ఉమ్మడి రాజధాని, కృష్ణా, గోదావరి నదుల బోర్డులు, సంస్థల విభజనకు షెడ్యూళ్ళు చట్టంలో చేరాయి. ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్ళ ప్రత్యేక హోదా మాత్రం ఫిబ్రవరి 20న ప్రధానమంత్రి రాజ్యసభలో చేసిన ప్రకటనగానే ఉంది, చట్టంలో చేరలేదు. తరువాతి ప్రభుత్వం ఆ హోదా ఇవ్వలేదు. పెద్దమనుషుల ఒప్పందంలో మాటగా మిగిలిన అంశాలకు తెలంగాణలో పట్టిన గతే, పార్లమెంటులో మాటగా మిగిలిన హామీకి ఆంధ్రప్రదేశ్‌లో పట్టింది. రెండు ప్రాంతాల ఫిర్యాదులు ఎదురెదురుగా కనిపించినా వాటి మూలం ఒకటే.

రాష్ట్రాల సభ ఎక్కడ?

ఇటువంటి హామీలకు కాపలా ఉండవలసిన సంస్థ రాజ్యసభ. అయితే అందులో స్థానాలు అమెరికా సెనేట్‌లో వలె రాష్ట్రాలకు సమానంగా కాక జనాభాను అనుసరించి ఉన్నాయి. నేడు ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7. అభ్యర్థి ఆ రాష్ట్ర నివాసి కావాలన్న షరతును 2003లో తొలగించారు. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. పునర్వ్యవస్థీకరణ బిల్లుకు రాజ్యసభలో ప్రత్యేక మెజారిటీ అవసరం లేదు. పైగా మంత్రిమండలి బాధ్యత వహించేది లోక్‌సభకు మాత్రమే. కాబట్టి రాజ్యసభలో ప్రధాని ఇచ్చిన మాటను నిలబెట్టించే శక్తి ఆ సభకు లేదు.

మిగిలిన వేదికలు సలహా స్థాయిని దాటవు. 1956 చట్టం కింద వచ్చిన ప్రాంతీయ మండళ్ళు, సర్కారియా సంఘం సిఫారసు తరువాత 1990లో 263వ అధికరణం కింద ఏర్పడిన అంతర్రాష్ట్ర మండలి చర్చకు ఉపకరిస్తాయి కాని హామీల అమలుకు పూచీపడవు. తెలుగులో ‘రాజ్యసభ’ అనే పేరులో రాష్ట్రం వినిపించకపోవడం భాషాపరమైన యాదృచ్ఛికం. ఆ సభ పనితీరులో రాష్ట్రం బలహీనంగా ఉండడం మాత్రం రాజ్యాంగ నిర్మాణంలోనే ఉంది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, మూడవ అధికరణంలో సమ్మతి లేకపోవడం కేవలం కేంద్రీకరణ వాంఛ వల్ల జరగలేదు. రాష్ట్రంలోపలి అల్పసంఖ్యాక ప్రాంతానికి దారి ఉంచాలన్న వాదం కూడా దాని వెనుక ఉంది. ఆ వాదానికి ఆధారం ఆంధ్రుల పరిస్థితి. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ దారినే వచ్చాయి. రెండు, సమ్మతి స్థానాన్ని ఆక్రమించిన ఒడంబడికల్లో రాజ్యాంగంలో చేరినవి నిలిచాయి, సాధారణ చట్టంలో చేరినవి కొంతకాలం నిలిచాయి, మాటగా మిగిలినవి నిలవలేదు. మూడు, 1948 ముసాయిదాలో ప్రాంతీయ సభ్యుల మెజారిటీ విజ్ఞప్తి అనే మధ్యమార్గం ఉండేది. మొత్తం శాసనసభ అభిప్రాయాన్ని, విడిపోయే ప్రాంత ప్రతినిధుల అభిప్రాయాన్ని వేరుచేసి చూపగల ఏకైక సాధనం అది. దాన్ని వదులుకోవడం వల్ల 2014లో 294 మంది సభ ఒకే మూజువాణి ఓటుగా నమోదైంది. అందులోని రెండు ప్రాంతాల రెండు అభిప్రాయాలకు రాజ్యాంగ పత్రంలో విడివిడి చోటు లేకపోయింది.

ఒడంబడిక అనే మాటకు మూలం ఒడంబడడం, అంటే ఒప్పుకోవడం. తెలుగు ప్రాంతాలు ఒప్పుకొని రాసుకున్న పత్రాలను ప్రాంతీయ రాజకీయ చరిత్రలో అనుబంధాలుగా చూడడం పరిపాటి. భారత సమాఖ్య తన నిర్మాణంలో వదిలేసిన ఒక సంస్థకు అవి ప్రత్యామ్నాయాలు. శ్రీబాగ్ నుంచి పునర్వ్యవస్థీకరణ చట్టం వరకు వాటిని ఒకే పరంపరగా, వాటి శాసన స్థాయిని గుర్తిస్తూ చదివినప్పుడే ఉద్యమసాహిత్యంలో పదే పదే వినిపించే ‘మాట తప్పారు’ అన్న ఆరోపణకు రాజ్యాంగపరమైన అర్థం తెలుస్తుంది.